పెద్దులు ఎక్కిన ఓడ

శుక్రవారం డ్యూటీ లేదు కాబట్టి పెద్దులు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, మస్కట్‌లో ఘాలా అనే పేటలోని కంపెనీ రూమ్ నుంచి మత్రా రేవుకు బయలుదేరాడు. అక్కడ పన్నెండంతస్తుల విహారనౌక ఆగి ఉంది. దాని ముందు నిలబడి ఒక ఫోటో దిగి ఇంటికి పంపాలి, అంతే పని. తోడల్లుడు దుబాయిలో ఏదో ఎత్తైన మేడ మీద దిగిన ఫోటో పంపినప్పటి నుంచి భార్య ముత్తవ్వ రోజూ దాని ముచ్చటే తీస్తోంది మరి.

ఫోటో వెళ్లిందో లేదో ఫోన్ మోగింది.

"గా ఓడ ఎక్కుతున్నవా ఏందయ్యా?" అంది ముత్తవ్వ.

కాదందామనే అనుకున్నాడు, పాపం. ఆమె గొంతులో సంబరం వినగానే నోరు జారాడు.

"అవ్, కంపెనోళ్లు మూడు దినాలు తిప్పుతరట. సముద్రంల సిగ్నల్ ఉండది, ఫోన్ చెయ్యకు."

అబద్ధమైనా పద్ధతిగా ఆడే మనిషి. ఫోన్ ఆపేసి పరుపు కింద పెట్టాడు. సైట్‌కు పోయాడు, వచ్చాడు, పప్పు వండుకున్నాడు. రూమ్‌లో టీవీ లేదు.

ఊళ్లో ఉంది. మర్నాడే ఆ ఓడ ఖురియాత్ తీరం దాటాక ఇంజను చెడి సముద్రం మధ్యలో ఆగిపోయింది. ఏసీలు బంద్, మరుగుదొడ్లు బంద్. పైగా విందులో తిన్న రొయ్యలు వికటించి సగంమందికి వాంతులు. వార్త చూసిన ఊరంతా ముత్తవ్వ వాకిట్లో చేరింది. ఆమె మైసమ్మకు యాటపోతును మొక్కుకుని, మస్కట్‌లో తెలుగు సంఘం నడిపే గంగాప్రసాద్‌కు ఫోన్ చేసి బోరుమంది. ఆయన వాళ్లనూ వీళ్లనూ పట్టుకుని ప్రయాణికుల జాబితా వెతికించాడు. పెద్దులు పేరు లేదు. జాబితాలో లేడంటే నీళ్లలో ఉన్నాడని ఊరు తేల్చేసింది.

మూడోరోజు సాయంత్రం గంగాప్రసాద్ బరువెక్కిన గుండెతో ఘాలా రూమ్ తలుపు తట్టాడు. తీసింది పెద్దులే, చేతిలో సగం తరిగిన ఉల్లిగడ్డతో.

"నీ పెట్టె సర్దనీకి వచ్చిన అన్నా!" అంటూ మంచం మీద కూలబడ్డాడు గంగాప్రసాద్. "ఊర్ల నీ ఫోటో పెద్దగ చేపిస్తున్నరు, దండేయనీకి. గా ఓడ ముంగటిదే. ముత్తవ్వక్క నిన్నటి సంది మంచినీళ్లు ముడ్తలేదు."

సంగతంతా విన్న పెద్దులు సిగ్గుతో చచ్చిపోయాడు. గంగాప్రసాద్ ఫోన్ కలిపి చేతికిచ్చాడు. అవతల స్పీకరు పెట్టి ఊరంతా వింటోంది. ఈదుకుంటూ వచ్చానని చెప్పాలని ఒక్క క్షణం దుర్బుద్ధి పుట్టింది కానీ, అతనికి ఈత రాదని ఊళ్లో అందరికీ తెలుసు.

"ముత్తవ్వా... నేను ఓడ ఎక్కనే లేదే. ఫోటో ఒక్కటే దిగిన. నీకు సంబరమైతదని చెప్పిన. తప్పయింది."

అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ముత్తవ్వ ఏడుపు వినిపించింది.

"పానంతోని ఉన్నవ్, గది సాలు. యాట మైసమ్మకు ఇస్త. గానీ ఇగ నీ మాట నేనెట్ల నమ్మాలె?"

పెద్దులు ఉల్లిగడ్డ మీద నెపం పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

తెల్లవారి కంపెనీ బస్సు సైట్‌కు పోకుండా మత్రా వైపు తిరిగింది. లాక్కొచ్చిన ఓడను కడగడానికి మనుషులు కావాలట. ముక్కుకు గుడ్డ కట్టుకుని, బకెట్టు పట్టుకుని పెద్దులు ఒక్కో అంతస్తూ ఎక్కాడు. అయిదో అంతస్తులో ఉండగా ఫోన్ మోగింది.

"యాడున్నవయ్యా?" అంది ముత్తవ్వ.

ఇక జన్మలో అబద్ధమాడకూడదని రాత్రే ఒట్టు పెట్టుకున్న మనిషి కదా, "ఓడల ఉన్న" అన్నాడు.

ముత్తవ్వ ఫోన్ పెట్టేసింది.