పనసపాల బూట్లు

ఎనిమిదిన్నర రైలుకి చీపురుపల్లిలో ఎక్కి, మధ్యాహ్నానికి నౌపడలో దిగి, పిల్లని చూసి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేయాలని నరసింగరావు అనుకున్నాడు. ఇది మూడో సంబంధం. పిల్ల లక్ష్మీనరసమ్మ ఫొటో చూసిన దగ్గర్నుంచి అతనికి అన్నం సయించడం లేదు. తీరా బయల్దేరబోతే బూట్ల అడుగులు రెండూ నోళ్ళు తెరిచి ఉన్నాయి. చెప్పులు కుట్టే గంగులు తెల్లారకుండానే సంతకు పోయాడు.

"ఈ మాత్రం దానికి గంగులెందుకమ్మా" అంటూ నరసింగరావు పెరట్లో కూర్చున్నాడు. అడుగులకి పాత సైకిలు టైరు, కొయ్యడానికి తల్లి సుభద్రమ్మ కత్తిపీట, కొట్టడానికి రుబ్బురోలు పొత్రం దొరికాయి. మేకులు మరీ పొడుగు. అవి దిగితే పెళ్ళివారింటికి కుంటుకుంటూ పోవాలి. సైకిలు సొల్యూషను ట్యూబు నొక్కితే గాలి వచ్చింది. సరిగ్గా అప్పుడే సుభద్రమ్మ కూరకని పనసకాయ కొడుతోంది. తెల్లగా కారే పాలు చూడగానే అతని బుర్ర పాదరసంలా పనిచేసింది.

"పనసపాలు అంటితే వదలవురా. సేతులకి నూనె రాసుకో."

"వదలకూడదనే గదమ్మా రాస్తన్నాను."

బూట్ల లోపలి అట్ట ఎప్పుడో చిల్లులు పడిందన్న సంగతి అతనికి గుర్తు రాలేదు. వైశాఖమాసపు రైలుపెట్టె వేడికి జిగురు కరిగి, చిల్లుల్లోంచి పైకొచ్చి, మేజోళ్ళు దాటి కాళ్ళకు చేరింది.

నౌపడలో పిల్ల తండ్రి గణపతిరావు గుమ్మంలో చెంబుతో నీళ్ళిచ్చాడు. వెంట వచ్చిన మేనమామ జగన్నాధం చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కున్నాడు. నరసింగరావు బూటు లాగాడు. చర్మం వచ్చేలా ఉంది గాని బూటు రాలేదు.

"పర్వాలేదండి, ఇలాగే వచ్చేస్తాను" అన్నాడు సిగ్గుతో చచ్చిపోతూ.

పిల్ల నాయనమ్మ జగ్గమ్మ ముక్కున వేలేసుకుంది. "కాళ్ళు సూపించడేటి? కాలి ఏళ్ళన్నీ ఉన్నాయా?"

"లోపం ఏటైనా ఉంటే ముందే సెప్పాల బావగారూ" అన్నాడు గణపతిరావు.

జగన్నాధం మేనల్లుణ్ణి కాపాడదామనుకున్నాడు. "లోపం కాదండి, మొక్కు. సంబంధం కుదిరేదాకా బూట్లు విప్పనని."

"బూట్లతో మొక్కించుకునే దేవుడెవడు బాబూ?" అంది జగ్గమ్మ.

ఈ సంబంధమూ పోయిందనుకుని నరసింగరావు తల దించుకున్నాడు. ఇంతలో తలుపు చాటు నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"నాన్నా, అది మొక్కు కాదు, పనసపాలు. అంచుల్లోంచి కారి కనిపిస్తన్నాది. కొబ్బరినూనె పోస్తే ఊడొస్తాది."

నూనె గిన్నె వచ్చింది. జగన్నాధం మేనల్లుణ్ణి చంకల కింద పట్టుకున్నాడు, గణపతిరావు గొంతుక్కూర్చుని లాగాడు. బూట్లు ఊడాక ఆయనే రెండు కాళ్ళూ సీకాయతో తోమి, నీళ్ళు పోసి కడిగాడు. జగ్గమ్మ వంగి వేళ్ళు లెక్కపెట్టి, "పదీ ఉన్నాయి" అంది.

గణపతిరావు చేతులు తుడుచుకుంటూ జగన్నాధం వైపు తిరిగాడు. "మావగారు సెయ్యాల్సిన కాళ్ళు కడుగుడు అయిపోయింది బావగారూ. ఇంక కన్యాదానం సెయ్యకపోతే ఊళ్ళో నవ్వుతారు."

తలుపు చాటున ఎవరో కిసుక్కున నవ్వారు. నరసింగరావుకి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం బండికి బయల్దేరుతూ బూట్లు చేతిలోకి తీసుకుని చూసుకుంటే అడుగులు ఊడి వేలాడుతున్నాయి. రెండు కుటుంబాల్ని అంటించిన పనసపాలు, ఆ రెండు టైరు ముక్కల్ని మాత్రం అంటించలేదు.