జప్తు చేసిన పేడ

ఒక పెద్ద అడవిలో ఏనుగులకూ దున్నలకూ కొదవ లేదు, కాబట్టి పేడకూ కొదవ లేదు. అయినా దారులన్నీ అద్దంలా ఉండేవి. అదంతా సింహం గారి పరిపాలన చలవేనని ఆస్థానంలో చెప్పుకొనేవారు. నిజానికి ఆ పని చేసేది పేడపురుగుల ఉచిత సేవా సంఘం. ఎవరూ పిలవకుండానే వచ్చి, పేడను ఉండలు చుట్టి, దొర్లించుకుంటూ పోయేవి.

సంఘాల మీద అధికారి నెమలి. దానికి చట్టం కంటే తన పింఛం మీద శ్రద్ధ ఎక్కువ. సింహం పుట్టినరోజు సభలో అది నాట్యం చేస్తుంటే, పేడపురుగుల అధ్యక్షురాలు సూరమ్మ తన ఉండ దొర్లించుకుంటూ మధ్యలోంచి వెళ్లింది. జంతువులన్నీ నాట్యం వదిలేసి ఉండకేసి చూశాయి. "ఎంత గుండ్రంగా చేసిందో" అని సింహం కూడా మెచ్చుకుంది. నెమలికి ఒళ్లు మండిపోయింది.

మర్నాడే గుమస్తా ఊసరవెల్లిని వెంటబెట్టుకుని తనిఖీకి బయల్దేరింది.

"మీ సంఘానికి బోర్డేదీ?"

"బోర్డు పెట్టడానికి మాకు ఆఫీసే లేదు అయ్యగారూ," అంది సూరమ్మ.

"ఆఫీసు లేకపోవడం రెండో తప్పు. రాసుకో," అంది నెమలి.

"చిత్తం," అంటూ ఊసరవెల్లి రాసుకుంది. నెమలి పక్కన నిలబడినందుకు అప్పటికే అది నీలంగా మారిపోయింది.

"లాభాపేక్ష లేని సంఘమంటారు. మరి ఈ ఉండలన్నీ ఇళ్లకెందుకు మోసుకుపోతున్నారు? ఇది లాభం కాదా? సంఘం బంద్. ఉండలన్నీ జప్తు."

సూరమ్మ ఉండలకు అడ్డంగా నిలబడింది. "తప్పుంటే నన్ను తిట్టండి అయ్యగారూ, పడతాను. మేం గుడ్లు పెట్టేది ఆ ఉండల్లోనే. లోపల మా పిల్లలున్నారు."

"పిల్లల్ని పేడలో పెంచడం మూడో తప్పు. రాసుకో."

కోతులు ముక్కు మూసుకుని ఉండలన్నిటినీ నెమలి ఆఫీసు గుహలోకి చేర్చాయి. ఎండెక్కేసరికి గుహలో కూర్చోవడం కష్టమైంది.

"వీటిని అవతల పారేయించు," అంది నెమలి.

"కుదరదండి," అంది ఊసరవెల్లి. "సూరమ్మ కోర్టుకెక్కింది. తీర్పు వచ్చేదాకా జప్తు సొత్తును జప్తు చేసిన అధికారే తన గదిలో భద్రంగా ఉంచాలని చట్టంలో ఉంది."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా?"

"అప్పుడు నేను చట్టం చదివి వినిపిస్తూనే ఉన్నానండి. 'జప్తు' అన్న మాట రాగానే తమరు ఇక చాలన్నారు."

"సరే, జడ్జి ఎవరు?"

"తాబేలండి."

"ఎప్పుడొస్తుంది?"

"బయల్దేరిందటండి."

సూరమ్మ రోజూ గుహ గుమ్మం దగ్గర కూర్చుని లోపలికి చెవి ఒగ్గేది. కడుపుతీపి పేడపురుగుకైనా ఒకటే. ఈలోగా దారులన్నీ పేడమయమయ్యాయి. సింహం కూడా ఆచితూచి అడుగు వేయసాగింది. ఎవరేం అడిగినా, కేసు కోర్టులో ఉందనే జవాబు వచ్చేది.

తొలకరి పడ్డాక తాబేలు వచ్చింది. గుహ ముందే విచారణ జరిపింది.

"బోర్డు లేకపోవడం తప్పే," అంది. "దానికి చట్టంలో ఉన్న శిక్ష బోర్డు పెట్టించడం. అంతకు మించి వేసే అధికారం నీకే కాదు, మహారాజుకీ లేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా?"

జనంలో కూర్చున్న పిచ్చుక ఉలిక్కిపడింది.

"పైగా తప్పు సంఘానిదైతే శిక్ష పిల్లలకా? ఉండలు తిరిగి ఇచ్చెయ్."

అంతలో గుహలో టపటపమని చప్పుడైంది. వాన చెమ్మకు మెత్తబడ్డ ఉండలు పగిలి, నిగనిగలాడే పిల్ల పేడపురుగులు బిలబిలమంటూ బయటికొచ్చాయి. వాటిలో సగం నెమలి పింఛమెక్కాయి. సూరమ్మ ఒక్కొక్కదాన్నీ తడిమి చూసుకుని ఏడ్చింది. ఇన్నాళ్ల భయమంతా ఆ ఏడుపులో పోయింది.

నెమలి తోక దులుపుకుంటూ, "ఉండల్లోని పేడంతా వీళ్ల పిల్లలే తినేశాయి. ఇక తిరిగివ్వడానికి ఏముందండీ?" అంది.

"నీ అధీనంలో ఉండగా తరిగింది. ఎంత తీసుకున్నావో అంతా నువ్వే చేసి ఇవ్వాలి. పని సరిగా జరుగుతోందో లేదో ఊసరవెల్లి చూసుకుంటుంది," అంది తాబేలు.

"చిత్తం," అంది ఊసరవెల్లి. అప్పటికే అది పేడరంగులోకి మారింది.

ఆ వానాకాలమంతా నెమలి పింఛం పైకి కట్టుకుని దున్నల వెనకాలే తిరిగింది. "ఇంకాస్త గట్టిగా ఒత్తండి అయ్యగారూ, ఎండితే విచ్చిపోతుంది," అని సూరమ్మ ఓపిగ్గా నేర్పింది.

సూరమ్మ కోర్టు మాట జవదాటలేదు. దారి పక్కన పెద్ద పేడ ఉండ చేసి, దాని మీద సంఘం బోర్డు గుచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు తనిఖీకి వచ్చినా, నెమలి ఆ ఉండను దూరం నుంచే చూసి వెనక్కి తిరిగేది.

ఇది చిలకల పఠన సంఘం గమనించింది. కుందేళ్ల భజన సంఘమూ గమనించింది. రెండూ సూరమ్మ దగ్గరికొచ్చి, తమకూ చెరొక ఉండ చేసిపెట్టమని మెల్లగా అడిగాయి.

నీతి: సేవ చేసేవారికి చట్టం అండ ఎప్పుడూ ఉంటుంది; తాబేలు వచ్చేలోగా మాత్రం గుమ్మంలో ఒక పేడ ఉండ పెట్టుకోవడం మంచిది.