వీధి చివరి పిల్లలు

ఆ ఉదయం గుమాస్తా క్యారియరు అందుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి ఒక నిర్ణయం ప్రకటించాడు. "ఈ నెల నుంచి సరుకుల ఖర్చు సగానికి తగ్గాలి. తిండి మాత్రం తగ్గకూడదు."

"అదెలాగో కూడా మీరే సెలవివ్వండి," అంది భార్య, గిన్నె అడుగు గీకుతూ. పెద్దవాడికి నూనూగు మీసాలు వస్తున్నాయి. వాడు కూర్చున్నాడంటే గిన్నె ఖాళీ. చెల్లెలు వాడికేం తీసిపోదు. కవలలిద్దరూ పాలు మానేసి అన్నంలో పడ్డారు. ఈమధ్యనే గుమాస్తా తల్లి కూడా వచ్చి చేరింది. ఆవిడకు పళ్లు లేవు గానీ ఆకలికేం లోటు లేదు.

"నేను చూసుకుంటాగా," అన్నాడు గుమాస్తా గంభీరంగా. ఎలా చూసుకోవాలో అతనికి ఇసుమంతైనా తెలియదు.

ఆ దారి అదే రోజు మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో కనిపించింది. రావలసిన వాళ్లలో సగం మంది రాలేదు. భోజనం ప్యాకెట్లు బల్లమీద గుట్టగా మిగిలిపోయాయి. అందరూ వెళ్లాక అటూ ఇటూ చూసి నాలుగు ప్యాకెట్లు సంచిలో వేసుకున్నాడు. సంచి జిప్పు ఇరుక్కుంది. దానితో కుస్తీ పడుతుండగా మేనేజరమ్మ, మరిచిపోయిన కళ్లజోడు కోసం వెనక్కి వచ్చింది.

"ఎవరికండీ అవి?"

'మా ఇంటికి' అన్న మాట గొంతుదాకా వచ్చి, ఆ జిప్పులాగే ఇరుక్కుపోయింది. "మా వీధి చివర కొందరు పిల్లలున్నారు మేడం. కూలీల పిల్లలు. పాపం, పస్తులుంటారు."

ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. "ఇన్నేళ్లూ పక్క గదిలోనే ఉన్నారు, మీకింత మనసుందని తెలియనేలేదు!" అంటూ మిగతా ప్యాకెట్లు కూడా స్వయంగా సర్దింది.

ఆ పూట ఇంటిల్లిపాదీ వేళ్లు నాక్కుంటూ తిన్నారు. "ఆఫీసులో సిబ్బందికి ఇస్తున్నారు," అని భార్యకు చెప్పాడు. అక్కడో అబద్ధం, ఇక్కడో అబద్ధం.

మర్నాడు వెళ్లేసరికి అతని బల్లమీద గుడ్లు, అరటిపళ్లు, బియ్యం, బంగాళాదుంపలు. ఎవరికీ గుండుసూది కూడా అప్పివ్వని క్యాషియరు నూనె డబ్బా పట్టుకొచ్చాడు. "నా పేరు బయటికి రానివ్వకండి, గుప్తదానం!" అని హాలంతా మోగేలా చెప్పాడు.

ఆ రోజు మొదలు, ఎవరో ఒకరు రోజూ ఏదో ఒకటి తెస్తూనే ఉన్నారు. వాటితోపాటు ప్రశ్నలు కూడా.

"పిల్లలకు ఏదంటే ఇష్టమండీ?" అని మేనేజరమ్మ అడిగితే, తోచక తన పిల్లల్నే తలుచుకుని, "పెద్దాడు గుడ్డు కనిపిస్తే వదలడు మేడం," అన్నాడు.

"చూశారా, ఒక్కొక్కడి ఇష్టం కూడా తెలుసు!" అని ఆవిడ అందరికీ చెప్పింది. గుమాస్తా చెవులు ఎర్రగా కాలిపోయాయి.

ఇంట్లో మాత్రం వింత. ఎంత తెచ్చినా మర్నాటికల్లా డబ్బాలు ఖాళీ.

"నిన్నటి గుడ్లేవి?"

"అయిపోయాయండీ," అంది భార్య అటు తిరిగి.

"ఇల్లా, బకాసురుల సత్రమా ఇది?" అని గుమాస్తా పెద్దవాడి కంచం వైపు ఉరిమి చూశాడు. వాడి నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది.

ఇలా ఉండగా మేనేజరమ్మ బాంబు పేల్చింది. "రేపు సాయంత్రం అందరం వస్తాం. ఆ పిల్లల్ని కళ్లారా చూడాలి."

"వాళ్లకు సిగ్గెక్కువ మేడం."

"మేమేమైనా కొరుక్కుతింటామా?"

"ఊరెళ్లినట్టున్నారు మేడం."

"పొద్దునేగా గుడ్లు తిన్నారన్నారు?"

మర్నాడు వ్యానులో ముందు సీట్లో, జైలుకు తీసుకెళ్తున్న వాడిలా కూర్చున్నాడు గుమాస్తా. ఖాళీ స్థలం చూపించి 'అయ్యో, ఎటో వెళ్లిపోయారే' అందామని అతని ఎత్తు.

వీధి చివర సగం కట్టిన మేడ ఉంది. రోజూ దాని ముందు నుంచే వెళ్తాడు, తల తిప్పి చూసింది లేదు. ఇప్పుడు చూశాడు. పరిచిన సిమెంటు సంచుల మీద పిల్లలు వరసగా కూర్చుని అన్నం తింటున్నారు. ప్రతివాడి చేతిలో ఓ గుడ్డు. గరిటె పట్టుకుని వడ్డిస్తున్నది అతని భార్య.

ఆవిడ కంగారుగా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మీకు చెప్పకుండా చేశాను, కోప్పడకండి. మనకు మించి వస్తున్నాయి కదా అని..."

ఈలోగా మేనేజరమ్మ ఆవిడ చేతులు పట్టేసుకుంది. "అమ్మా, ఈ పిల్లల ఆకలి గురించి మీ ఆయన చెప్పబట్టే కదా మేమంతా ఇవన్నీ తెచ్చిచ్చింది!"

భార్య భర్త వైపు చూసింది. ఆవిడకు ఇంకెవరూ ఏమీ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

"అత్తా, ఈ మావయ్య ఎవరు?" అని ఓ పిల్ల అడిగింది.

"పిల్లలకు కూడా తెలియకుండా చేశారు!" అంటూ మేనేజరమ్మ అందరి వైపూ తిరిగింది.

గుమాస్తాకు భూమి చీలితే బాగుండుననిపించింది. "మేడం, నిజం చెప్తున్నా. అవన్నీ మా ఇంటికే పట్టుకెళ్లాను. మేమే తిన్నాం. ఈ పిల్లలెవరో నాకు తెలియదు."

"చూడండి," అంది మేనేజరమ్మ కళ్లొత్తుకుంటూ, "పొగిడితే ఎంత ఇబ్బంది పడుతున్నారో! తనమీద నింద వేసుకుంటారు గానీ, చేసింది చెప్పుకోరు." ముందుగా చప్పట్లు కొట్టింది క్యాషియరు.

ఇంటికి వెళ్తూ భార్య ముందు, ఖాళీ గిన్నెతో అతను వెనక.

"మనింట్లో పిల్లలకని అడగడానికి సిగ్గేసిందా?"

"ఊఁ."

"వాళ్ల పేరు చెప్పి తెచ్చుకోవడానికి వెయ్యలేదా?"

గుమాస్తా ఖాళీ గిన్నెను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దవాడు సగంలోనే లేవబోయాడు. "చాలు నాన్నా, ఆకలిగా లేదు." గుమాస్తా తన కంచంలోని గుడ్డు తీసి వాడి కంచంలో వేసి, "కూర్చోరా," అన్నాడు. వాడి మొహంలోకి చూడలేకపోయాడు.

మర్నాటి నుంచి ఆఫీసు సంచి నేరుగా మేడ దగ్గరికే వెళ్లింది. మోసింది గుమాస్తాయే. ఇంటి సరుకులు అంగట్లో కొన్నాడు, ఖర్చు గురించి మళ్లీ నోరెత్తలేదు.

నెల తిరక్కుండా ఆఫీసువాళ్లు అతనికి 'కరుణామూర్తి' అని చెక్కించిన ఫలకం బహూకరించారు. బీరువా వెనక దాచబోతే, భార్య లాక్కుని భోజనాల బల్ల ఎదుట గోడకు మేకు కొట్టి తగిలించింది.

అప్పటి నుంచి గుమాస్తా ఆ గోడకు వీపు పెట్టి తింటున్నాడు.