ఒంటరి నడకకు ఊరేగింపు

పిల్లలకు స్వేచ్ఛ ప్రసాదించాలని మన అపార్ట్‌మెంట్ల సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. పిల్లల్ని ఎవరూ అడగలేదు కాబట్టి భిన్నాభిప్రాయానికి తావు లేకపోయింది.

ఈ మహత్కార్యానికి మూలపురుషుడు బుజ్జమ్మ నాన్నగారు. బీమా ఆఫీసులో డిప్యూటీ మేనేజరు. ఆఫీసు ఖర్చుతో పరాయి దేశం వెళ్లి, వారం రోజుల్లో అక్కడి బాల్యాన్ని ఆమూలాగ్రం అధ్యయనం చేసి వచ్చారు. అధ్యయనమంతా హోటల్ కిటికీలోంచి జరిగింది.

"అక్కడ ఏడేళ్ల పిల్లాడు ఒక్కడే బడికెళ్తాడండీ! మెళ్లో తాళంచెవి వేసుకుని ఒక్కడే తిరిగొస్తాడు. వాళ్ల పిల్లలు పౌరులు. మన పిల్లలు పార్సిళ్లు!" అని సభలో గర్జించారు. తాళం తీసుకుని లోపలికి వెళ్లిన ఆ పిల్లాణ్ణి ఇంట్లో పలకరించేవాళ్లు ఉన్నారో లేదో కిటికీలోంచి కనిపించలేదు కనుక ఆ ఊసెత్తలేదు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ సమయానికి వాళ్లావిడ బిస్కెట్టు పాలలో ముంచి బుజ్జమ్మ నోట్లో పెడుతోంది. బుజ్జమ్మకు తొమ్మిదేళ్లు.

మర్నాడే బుజ్జమ్మ మెళ్లోకి ఒక తాళంచెవి వచ్చింది.

"ఇది ఏ తలుపుది నాన్నా?"

"తలుపుతో నీకేం పనమ్మా? ముందు అలవాటు కావాలి."

నిజమే. తాతయ్య, నానమ్మ, పిన్ని ఎప్పుడూ ఉండే ఆ ఇంటికి తాళం వేసిన పాపాన ఎవరూ పోలేదు.

బుజ్జమ్మకు మాత్రం ఈ స్వేచ్ఛ నిజంగానే నచ్చింది. బడి దారిలో పంక్చర్ల మామయ్య నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచుతాడు. చిల్లు ఉన్నచోట బుడగలు లేస్తాయి. రోజూ కారు అద్దంలోంచి తొంగిచూస్తుంది. బుడగ లేచేలోగా కారు దాటిపోతుంది. నడిచి వెళ్తే ఆగి చూడొచ్చు కదా అని ఆమె ఆశ.

సంఘం ప్రకటించిన స్వతంత్ర నడక దినం నాడు బుజ్జమ్మ ఒంటరిగా బయల్దేరింది. ముందు స్కూటరు మీద అమ్మ, వెనక కారులో నాన్న, పక్కన ఫోనులో వీడియో తీస్తూ పిన్ని. తీర్మానంలో పుస్తకాల సంచి ప్రస్తావన లేనందున అది తాతయ్య మోశారు. మిగతా పిల్లలు కూడా ఇదే విధంగా ఒంటరిగా బయల్దేరేసరికి వీధి కిక్కిరిసి, బళ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

తొట్టి కనబడగానే బుజ్జమ్మ కాళ్లు ఆగాయి.

"ఆగకు! స్వతంత్రంగా నడువు!" అని అమ్మ ముందునుంచి కేకేసింది. అయితే ఆమె స్కూటరు ఇటు తిరిగే దారి లేదు.

"చూస్తావా తల్లీ?" అంటూ మామయ్య ట్యూబు ముంచాడు. బుడగలు బుడబుడా లేచాయి. "ఇదిగో, ఇక్కడ వేలు పెట్టు."

పెట్టింది. బుడగలు ఆగాయి. తీసింది. మళ్లీ లేచాయి. బుజ్జమ్మ పకపకా నవ్వింది. పాపం, అదే ఆమె చేసిన తప్పు. ఆ నవ్వు విని నాన్నగారి గుండె జారిపోయింది. కారు నడిరోడ్డు మీద వదిలేసి పరుగెత్తుకొచ్చి, ఆ వేలిని మందునీళ్లతో కడిగి, మిగిలిన ఒంటరి నడకంతా కూతుర్ని చంకనెత్తుకుని దిగ్విజయంగా పూర్తి చేశారు.

సాయంత్రం అభినందన సభ జరిగింది. తొట్టి దగ్గరి ముక్క తీసేసి వీడియో ప్రదర్శించారు. ఉత్తమ స్వావలంబన బహుమతి బుజ్జమ్మకు దక్కింది. పిల్లకు మెట్లెక్కడం కష్టమని నాన్నగారే వేదికెక్కి దాన్ని స్వీకరించారు.

"ఆ దేశానికి మనం ఏమాత్రం తీసిపోమండీ! మన పిల్లలు ఏ పనైనా ఒంటరిగా చేసేయగలరు. మనం దగ్గరుంటే చాలు!"

సభ దద్దరిల్లింది. బుజ్జమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టకుండా తన వేలి వంక చూసుకుంటూ కూర్చుంది. ఆ లోపాన్ని మనం వెంటనే గమనించాం. అటొకరం ఇటొకరం కూర్చుని, ఆమె చేతులు రెండూ పట్టుకుని, చప్పట్లు మనమే కొట్టించాం.