ఎవరిదీ కాని బైబులు

శనివారం పొద్దున బాలశౌరి వేసుకున్న పథకం చిన్నదే. చద్దన్నం తిని, ఒక అధ్యాయం నాలుగుసార్లు చదువుకుని, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడం.

నడికుడి స్టేషనుకు మూడు మైళ్ళ అవతల, నాపరాళ్ళ గనుల పక్క పల్లెలో ఆయన మిషను బడి పంతులు. కతోలిక గుడికి ఉపదేశి కూడా. బడి వదిలాక రోజుకొకటి చొప్పున మరో మూడు పల్లెలకు నడిచి వెళ్ళి జపాలు నేర్పాలి. తొమ్మిదేళ్ళుగా నడుస్తున్నాడు. నరసరావుపేట బడికి బదిలీ చేయమని ఏడాదికొక అర్జీ పెడుతున్నాడు. ఆదివారం బళ్ళ తనిఖీకి వస్తున్న పెద్దగురువు చేతిలోనే బదిలీలన్నీ ఉన్నాయి.

ఆయన ఎదుట ఇంగ్లీషులో సువార్త చదవమని, ఈ పల్లెల గుళ్ళు చూసే విచారణ గురువు పురమాయించారు. ఈయన ఆ ఏడే సీమనుంచి వచ్చిన కుర్ర దొర. చదవడానికి ఇచ్చిన పుస్తకం యుద్ధం ముగిశాక ఓడలో వచ్చింది. కతోలికుల కోసం ఇప్పటి ఇంగ్లీషులో కొత్తగా తర్జుమా చేసిన క్రొత్త నిబంధన అది. ఆ సంగతి దొరకు తెలుసు. తెలుగు మూడు నెలలే నేర్చినవారు కనుక, "కొత్తది, మంచిది, చదువు" అనడం వరకే చేతనయింది.

పాత ఇంగ్లీషు బైబులు బాలశౌరికి కంఠతా వచ్చు. ఈ పుస్తకం తెరిస్తే ఒక్క వాక్యమూ తెలిసిన వాక్యంలా లేదు. పాతదానిలో ప్రభువు మాట్లాడితే రాజు శాసనం చదివినట్టుండేది. ఇందులో రైల్వే గార్డు ప్రయాణికులకు సర్దిచెబుతున్నట్టుంది. కతోలికుల పుస్తకమైతే మొదట్లో బిషపుల అనుమతి అచ్చయి ఉండాలి. వెతికాడు, కనబడలేదు. మొదటి కాగితాలు రెండు, అచ్చాఫీసులో అంచులు కోయక, విడిపడకుండా ఉన్నాయి, అంతే.

"అవతలి మిషనోళ్ళదేమో. యోహానన్న నడిగి రారాదూ," అన్నది భార్య ఇన్నాసమ్మ, చద్దన్నంలో ఉల్లిపాయ పెడుతూ.

యోహాను ఊరికి అటు చివర, అవతలి మిషను, అంటే ప్రొటెస్టెంటుల, బడి పంతులు. బాలశౌరి పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళాడు. యోహాను కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు పేజీలు తిప్పి, లోపలినుంచి తమ బైబులు తెచ్చి పక్కన పెట్టి చూశాడు.

"ఇది మాదయితే కాదన్నా. మా దాంట్లో ఇట్టా మామూలు మాటలుండవు."

"మాదీ కాదు."

"మరి ఎవరిదంటావు?"

ఆ ప్రశ్న అక్కడితో ఆగేదే. కానీ అరుగు మీద గనుల బండి తోలే ఖాదర్ వలి చుట్ట కాలుస్తున్నాడు. అతను అబద్ధమేమీ చెప్పలేదు. పంతుళ్ళిద్దరూ బైబులు పట్టుకుని మాది కాదంటే మాది కాదంటున్నారని గని దగ్గర చెప్పాడు. రాళ్ళు కొట్టేవాళ్ళు దాన్ని మూడో మిషను వస్తున్నదని అర్థం చేసుకున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అందరికీ మళ్ళీ జ్ఞానస్నానాలన్నారు. జ్ఞానస్నానం చెల్లకపోతే పెళ్ళి మాత్రం ఎట్లా చెల్లుతుందని ఎవరో లెక్క తీశారు.

బాలశౌరి నడుం వాల్చీ వాల్చకముందే గని మేస్త్రీ రాయప్ప ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"కొత్త దాంట్లో పాత పెళ్ళిళ్ళు కొట్టేశారంట గదా పంతులుగారూ. ఏ తారీఖు నుంచి?"

అట్లాంటిదేమీ లేదని చెప్పి పంపేసరికి అతని భార్య వచ్చింది. ఆమె అడిగిందీ అదే.

సాయంత్రందాకా వస్తూనే ఉన్నారు. చెప్పిందే చెప్పి బాలశౌరి గొంతు పోయింది. ఆ పుస్తకం చదివితే పెద్దగురువు ముందు మతం తప్పినవాడవుతాడు. చదవనంటే విచారణ గురువుకు కోపం. రెండు విధాలా బదిలీ పోతుంది. చివరికి ఒక ఉపాయం తోచింది. చేతిలో కొత్తది పట్టుకుని, నోటితో పాతది అప్పజెప్పేస్తే సరి.

ఆదివారం పూజ కాగానే గుడి ముందు తాటాకు పందిరి నిండిపోయింది. పండగలకు కూడా రానివాళ్ళు నాలుగు పల్లెలనుంచి వచ్చారు. యోహాను తన సంఘంతో సహా వచ్చాడు. తన కబురు ఎందాకా పోయిందో చూద్దామని ఖాదర్ వలి వచ్చాడు.

బాలశౌరి పుస్తకం తెరిచి అప్పజెప్పడం మొదలుపెట్టాడు. మధ్యమధ్య పేజీ తిప్పడం కూడా మరవలేదు. ఆయన ఉచ్చారణలో పాతదైనా కొత్తదైనా ఒకటే కనుక కుర్ర దొర తృప్తిగా తలాడిస్తున్నారు. పెద్దగురువు ఒళ్ళో మాత్రం అదే పుస్తకం ఇంకొకటి ఉంది. వరస వరసా వేలితో వెంబడిస్తున్నారు. మూడో వాక్యం దగ్గర ఆ వేలు ఆగిపోయింది. బాలశౌరి అది చూశాడు. చూసి కూడా ఆపలేక చివరిదాకా చెప్పాడు.

తర్వాత గుడి వెనక గదిలోకి పిలుపు వచ్చింది. పెద్దగురువూ దొరే అయినా, ఆయనది ముప్పై ఏళ్ళుగా గుంటూరు నీళ్ళు తాగిన తెలుగు. ఏం చదివావని అడిగారు. బాలశౌరి చేతులు కట్టుకుని యోహాను దగ్గరనుంచి రాయప్ప పెళ్ళిదాకా అంతా చెప్పేశాడు. ఆయన జేబులోంచి చాకు తీసి, విడిపడని కాగితాల అంచు కోశారు. లోపల బిషపుల అనుమతి శుభ్రంగా అచ్చయి ఉంది.

"మనదేరా బాలశౌరీ. అన్నీ సవ్యంగానే ఉన్నయ్యి," అన్నారు. తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "నాకే మనసుకు పట్టలా. నువ్వు పాతది చెప్తావుంటే మా అమ్మ చదివినట్టుంది."

ఇంతకంటే మంచి గడియ రాదని బాలశౌరి పదో అర్జీ ఆయన చేతిలో పెట్టాడు. ఆయన చదివారు. ఇంత జనాన్ని గుడికి రప్పించినవాడిని తన తనిఖీలో ఎక్కడా చూడలేదన్నారు. ఇట్లాంటి మనిషిని తీసుకుపోయి పేటలో పడేస్తే దేవుడు తనను క్షమించడన్నారు. అర్జీ మీద "ఇతణ్ణి ఎన్నడూ కదిలించరాదు" అని రాసి సంతకం చేశారు. ఆ ఉత్సాహంలోనే, ఉపదేశి లేక అల్లాడుతున్న మరో పల్లెను కూడా బాలశౌరికే అప్పగించారు.

ఇంటికి వచ్చిన బాలశౌరిని ఏమన్నారని ఇన్నాసమ్మ అడిగింది.

"చానా మెచ్చుకున్నారు."

ఆమె భర్త మొహంలోకి కాసేపు చూసింది. "ఎన్ని మైళ్ళు?" అన్నది.

నాలుగున్నర అని చెప్పి బాలశౌరి చెప్పులు విడవకుండానే అరుగు మీద కూర్చున్నాడు.