డాక్టరు ముందు ఆయాసమా!

ఆ రోజు పొద్దున్నే టైలరు గారి భార్య ఒక షరతు పెట్టింది.

"ఇవాళ డాక్టరమ్మ దగ్గరికి మీరు ఉన్నదున్నట్టుగా రావాలి. ముస్తాబుగా మందు పీల్చి బయల్దేరారో, నా మీద ఒట్టే!"

ఆ షరతుకు కారణం ఉంది. టైలరు గారికి ఉబ్బసం. రోజంతా గుడ్డల నుంచి రేగే నూగులో కూర్చునే మనిషికి అది రావడంలో వింత లేదు. వింతల్లా ఆయన మర్యాదే. పెద్దవాళ్ళ ముందు కాలు మీద కాలు వేసుకోకూడదన్నట్టే, డాక్టరు ముందు రొప్పకూడదని ఆయన నమ్మకం. అందుకని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అప్పటికప్పుడు ఊపిరాడించే ఇన్‌హేలరు పీల్చి, కాసేపు కదలకుండా కూర్చుని, గుండ్రాయిలా ఆస్పత్రికి వెళ్ళేవాడు. "ఎలా ఉంది?" అని అడిగితే, "మీ దయ వల్ల బాగానే ఉందండీ" అనేవాడు. బాగున్నవాడికి అంత మందెందుకని డాక్టరమ్మ కిందటిసారి, రోజూ పీల్చాల్సిన రెండో ఇన్‌హేలరును సగానికి తగ్గించింది. అప్పటి నుంచి ఆయన దిండు గోడకు చేర్చి కూర్చునే నిద్రపోతున్నాడు.

నష్టం నిద్రతో ఆగితే భార్య ఊరుకునేదేమో. వాళ్ళ కూతురు పాడుతుంది. ఆ పిల్ల స్టేజీ మీద వేసుకునే బట్టలన్నీ ఆయనే కుట్టాడు, ఒక్కటీ స్టేజీ మీద చూడలేదు. పాట మధ్యలో తన ఛాతీలోంచి పిల్లికూతలు వినిపిస్తే పిల్ల పరువు పోతుందని భయం. అడిగితే "కొట్లో పనుందమ్మా" అనేవాడు. వచ్చే శనివారం మళ్ళీ కచేరీ. "నాన్న రాడులే, ఆయనకి నా పాటంటే పడదు" అని ఆ పిల్ల ఫోనులో ఎవరితోనో అంటుండగా తల్లి విన్నది. తండ్రీ విన్నాడు. విని, మిషను ఇంకాస్త జోరుగా తొక్కాడు.

ఆస్పత్రికి తోడుగా ఆవిడ తన తమ్ముణ్ణి పిలిచింది. ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే అతన్ని ఇంటిల్లిపాదీ ఈత మాస్టారనే పిలుస్తారు. ఊపిరి విషయంలో తనంత మొనగాడు లేడని అతని నమ్మకం.

"బావా, ఇదంతా నీ భయమే. రోజూ నాలుగు మెట్లెక్కు, ఏ ఉబ్బసమూ ఉండదు."

"నీ వైద్యం నీ దగ్గరే ఉంచుకో. ఆయన మొహమాటపడితే నిజం చెప్పడానికి రా, చాలు" అంది అక్క.

టైలరు గారు బుద్ధిగా తలాడించాడు. చెప్పులేసుకునే ముందు మాత్రం పెరట్లోకి వెళ్ళి గబగబా ఇన్‌హేలరు పీల్చి వచ్చాడు. ఏళ్ళ తరబడి అలవాటైన మర్యాద ఒక్క ఒట్టుతో పోతుందా?

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చూసింది. "శుభ్రంగా ఉందే!"

"అయ్యో, నమ్మకండి! రాత్రంతా ఈయన ఛాతీ సన్నాయిలా మోగుతుంది!" అంది భార్య.

"ఇప్పుడైతే ఏ చప్పుడూ లేదమ్మా." ఊపిరి బలం కొలిచే గొట్టంలో ఊదమంటే ఆయన ఊదాడు. ముల్లు నిక్షేపంగా పైకి పోయింది. "ఇలాగే ఉంటే రోజూ పీల్చేది పూర్తిగా ఆపడం గురించి కూడా ఆలోచిద్దాం."

భార్య గబుక్కున లేచింది. "ఒక్క నిమిషం ఆగండి, మెట్లెక్కించి చూపిస్తాను!" అని తమ్ముడి వైపు తిరిగింది. "తీసుకెళ్ళరా!"

తన వైద్యానికి ఇన్నాళ్ళకు గుర్తింపు వచ్చిందని ఈత మాస్టారు పొంగిపోయాడు. డాక్టరమ్మ వద్దంటున్నా వినకుండా బావ చెయ్యి పట్టుకుని పై అంతస్తుకు లాక్కుపోయాడు. కాసేపటికి పైనుంచి నర్సు కేక వినిపించింది. డాక్టరమ్మ, ఆ వెనకే భార్య పరిగెత్తారు.

మెట్ల కటకటాలు కావలించుకుని కీచుకీచుమంటున్నవాడు ఈత మాస్టారు. టైలరు గారు నలగని చొక్కాతో పక్కన నిలబడి అతనికి రుమాలుతో విసురుతున్నాడు.

"ఎప్పట్నుంచి ఇలా?" అంది డాక్టరమ్మ.

"అబ్బే... కొంచెం... స్టామినా తగ్గింది... అంతే..."

అతన్ని కూర్చోబెట్టి, మాస్కు తగిలించి, ఊపిరి కుదుటపడ్డాక అడగాల్సినవన్నీ అడిగింది. రాత్రిళ్ళు దగ్గొస్తుందా? కొలను నీళ్ళలో కలిపే మందు ఘాటుకి ఎక్కువవుతుందా? సెలవు రోజు తగ్గుతుందా? అన్నిటికీ తలూపాడు పాపం. ఇన్నాళ్ళూ దాన్ని జలుబనుకున్నాడట.

టైలరు గారు చూస్తూ నిలబడ్డాడు. అలాంటి ప్రశ్నలే ఆవిడ తననూ వచ్చినప్పుడల్లా అడిగింది. అన్నిటికీ "లేదండీ" అన్నది తనే. ఆయనకు ఏడుపొచ్చింది.

"అమ్మా, నేను మందు పీల్చే వచ్చాను. ఎప్పుడూ పీల్చే వస్తాను."

"నా మీద ఒట్టు పెట్టినా?" అని భార్య నెత్తి కొట్టుకుంది.

"ఒట్టు గుర్తుందే. ఆవిడ ముందు రొప్పితే ఏం బాగుంటుంది?"

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఆయాసమొస్తే పీల్చాల్సిందే, అది తప్పు కాదు. పీల్చానని చెప్పకపోవడమే తప్పు. నాదీ ఉందిలెండి, మీ ఇస్త్రీ చొక్కా చూసి గుచ్చి గుచ్చి అడగలేదు." మందు మళ్ళీ పాత మోతాదుకు పెంచింది. ఇన్‌హేలరు ఎలా పీలుస్తున్నాడో ఎదురుగా చేయించి సరిదిద్దింది. కొట్లో నూగు తగలకుండా ఏం చేయాలో, ఆయాసం ముదిరితే ఎప్పుడు పరిగెత్తుకు రావాలో విడమర్చి చెప్పింది.

"శనివారం మా అమ్మాయి కచేరీకి హాల్లో కూర్చోగలనామ్మా?"

"ఇది కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుందండీ. కిందటిసారే చెప్పుంటే ఈపాటికి కూర్చునేవారు." మెత్తగానే అన్నా ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది.

ఇంటికెళ్ళి కూతురికి అంతా చెప్పాడు. "ఇన్నేళ్ళూ పాట నచ్చకే రావట్లేదనుకున్నాను నాన్నా" అంది ఆ పిల్ల.

శనివారం ఆయన ధైర్యం చేసి హాల్లో కూర్చున్నాడు. స్టేజీ మీద పొగ వదిలారు. దగ్గు అందుకుంది. బయటి బెంచీ మీదకు వచ్చేసరికి అక్కడ ఈత మాస్టారు అప్పటికే దగ్గుతున్నాడు. ఇంతలో లోపల చప్పట్లు హోరెత్తాయి. బావా బావమరిదీ లేచి నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, అరచేతులు మండేదాకా కొట్టారు.

అవి పిల్ల పాటకు కాదనీ, సభాధ్యక్షుల వారు ఉపన్యాసం ముగించినందుకు కొట్టిన చప్పట్లని ఇంటికెళ్ళాక తెలిసింది.