అరవై పౌండ్ల రెక్క

స్కూబా డైవింగు నేర్చుకోవడానికి ఈ దేశంలో మార్కాపురాన్ని మించిన ఊరు లేదు. నవ్వకండి! సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకు డైవింగు సంగతి ఏం తెలుసు? నీళ్ళు కనబడగానే దూకేస్తారు. దూకేవాడికి ఆలోచించే తీరిక ఎక్కడిది? నీళ్ళు లేని ఊళ్ళో ఆ తొందర ఉండదు. ఏ సామాను, ఏ సైజు, ఎందుకు అని ఏళ్ళ తరబడి విచారించుకోవచ్చు.

లోతు మాట ఎత్తుతారా? వైజాగులో నలభై అడుగులు దిగి ఫోటోలు పెట్టుకుంటారు. కొమరోలు పక్క మన రైతు వేసే బోరు వెయ్యి అడుగులు దిగుతుంది. లోతులో మనదే పైచేయి. తడి ఒక్కటే తక్కువ.

ఈ సత్యాన్ని మొదట గ్రహించినవాడు హనుమంతరావు. మార్కాపురం బజారులో స్టీలు సామాన్ల దుకాణం, వయసు యాభై ఎనిమిది. బిందెను ఒక్కసారి చూస్తే చాలు, ఎన్ని చెంబులు పడతాయో చెప్పేస్తాడు. అలాంటి మనిషి పుట్టి బుద్ధెరిగాక తల మునిగేన్ని నీళ్ళలో ఒక్కసారీ దిగలేదు. స్నానమంటే ఒక బకెట్టు. అందులోనూ అడుగున రెండు చెంబులు మిగల్చాలి, బాత్రూము కడగడానికి. అరవై నిండకముందే ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నెత్తిమీద నీళ్ళుండగా కళ్ళు తెరిచి చూడాలని ఆయన కోరిక. అదే కాశీకి పోతానంటే అందరూ దండం పెట్టేవాళ్ళు. ఇది వినేసరికి బజారు బజారంతా పడి పడి నవ్వింది.

భార్య భ్రమరాంబ మాత్రం నవ్వలేదు. ఆవిడ పుట్టిల్లు గిద్దలూరు, నీళ్ళ విలువ తెలిసిన ఇల్లాలు.

"పోయిరాండి. అంతసేపు మునిగొస్తే మళ్ళీ రెండు రోజులు స్నానం లేకపోయినా గడుస్తుంది" అన్నది.

వైజాగులో డైవింగు నేర్పే అమ్మాయి పేరు యేసుమణి. ఫోనులోనే పాఠం మొదలుపెట్టింది.

"వింగ్ అంటే వీపుకి తగిలించుకునే గాలిసంచి, అంకుల్. గాలి నింపితే పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు. మీకు గాలి పీల్చుకునే సిలిండరు ఒక్కటే కాబట్టి ముప్పై పౌండ్ల బరువు లేపేది చాలు. మరీ చిన్నదైతే మిమ్మల్ని తేల్చదు. మరీ పెద్దదైతే లోపల గాలి అటూ ఇటూ పోయి మిమ్మల్ని దొర్లించేస్తుంది. మా దగ్గరున్నదే వాడుకోండి."

"ఊరందరి వీపులు తగిలిన సంచి నాకెందుకమ్మా, నేనే కొనుక్కుంటాలే" అన్నాడు హనుమంతరావు.

ఎంత తేలికైన లెక్క! కానీ ఆ పిల్ల సముద్రం పక్కన పుట్టింది, ఈయన మార్కాపురంలో పుట్టాడు. ఈయన నాయన దశరథరామయ్య పోతూ పోతూ కొడుకును దగ్గరికి పిలిచి ఒక్క మాట చెప్పినాడు: "నీళ్ళ సామాను కొనేటప్పుడు చిన్నది అడగొద్దురా."

అది ఆ ఒక్క ఇంటి మాట కాదు, ఊరి శాసనం. ఇద్దరుండే ఇంటికి మిద్దెమీద రెండు వేల లీటర్ల ట్యాంకు, వరండాలో నాలుగు డ్రమ్ములు, కింద సంపు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు పిల్లవాడి చదువు తర్వాత అడుగుతారు, ముందు సంపు మూత తెరిచి చూస్తారు. ఎందుకు చూడరు? ట్యాంకరు వచ్చిన రోజు పట్టుకున్నవే మన నీళ్ళు. ఆ వేళ చిన్న పాత్రతో నిలబడ్డవాడికన్నా వెర్రివాడు ఉంటాడా?

కాబట్టి ముప్పై చాలన్నచోట హనుమంతరావు అరవై తెప్పించాడు.

"అది జంట సిలిండర్లవాళ్ళు వాడేది అంకుల్!" అని యేసుమణి మొత్తుకుంది.

"ఉండనీలేమ్మా. పెద్దదుంటే ఎప్పుడైనా పనికొస్తుంది."

పార్సిలు వచ్చిన రోజు ఆయన కాలు నిలవలేదు. సంపు ఎండి అప్పటికి నాలుగు రోజులు. సాధన చెయ్యడానికి అంతకన్నా క్షేమమైన చోటు ప్రపంచంలో ఉందా? మునిగిపోతామన్న భయమే లేదు! వింగు వీపుకు కట్టుకుని నిచ్చెన దిగాడు. గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదాడు. వింగు పరుపులా ఉబ్బింది. మహా సంతోషంగా పైకి ఎక్కబోయి, సంపు నోటి దగ్గర ఇరుక్కున్నాడు. తల బయట, వీపు లోపల.

"భ్రమరా! వెనకాల తాడుంటది, లాగవే!"

ఆవిడ బోర్లా పడుకుని, చెయ్యి దూర్చి, దొరికిన తాడు లాగింది. గాలి బుస్సుమని పోయింది. ఆయన బయటపడ్డాడు. ఆవిడ ఆ తాడును ఇంకో రెండుసార్లు లాగి చూసింది.

"కొళాయి మాదిరి ఉందే ఇది!" అన్నది.

శుక్రవారం సాయంత్రం రైలు. మర్నాడు ఉదయం వైజాగులో మునక. రావలసిన ట్యాంకరు మంగళవారం రాలేదు, బుధవారం రాలేదు, గురువారం రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం, కిందటిసారి వచ్చాక సరిగ్గా పదకొండో రోజున, హనుమంతరావు ఆటోలో ఒక కాలు పెట్టగానే వీధి మలుపులో ట్రాక్టరు హారన్ మోగింది.

మా వీధుల్లో ట్యాంకరుకు ఒక పద్ధతి ఉంది. ఇంటిముందు పెట్టిన పాత్రల వరకే పోస్తారు, వాటినుంచి సంపుకీ మిద్దెమీదికీ మోసుకోవడం మన పని. ఒకరు గొట్టం పట్టుకోవాలి, ఒకరు పాత్రలు జరపాలి. ఒంటి మనిషి ఉన్న ఇంటిముందు డ్రైవరు చెన్నయ్య ఎక్కువసేపు ఆగడు, వెనకాల ఇంకా ఇరవై ఇళ్ళు కాచుకుని ఉంటాయి. భ్రమరాంబ ఆయన వైపు చూడకుండా ఒక్కతే డ్రమ్ము జరపబోయింది.

హనుమంతరావు బ్యాగు దింపుకుని ఆటోను పంపించేశాడు. ఆ క్షణంలో ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. అయినా పోయి గొట్టం పట్టుకున్నాడు.

డ్రమ్ములు నిండాయి. బిందెలు నిండాయి. గిన్నెలు, చెంబులు, ఆఖరికి ఇడ్లీపాత్ర కూడా నిండింది.

"ఇంకేమన్నా ఉన్నాయా మామా? తీసేస్తున్నా!" అని కేకేశాడు చెన్నయ్య.

హనుమంతరావు బ్యాగు వైపు చూశాడు.

"ఉంది, ఆగరా!"

వింగు తీశాడు. ముడతల గొట్టం మర విప్పి, ఆ కంతలో గరాటు పెట్టాడు.

"ఏంది మామా ఇది?"

"పాత్రే. నువ్వు పొయ్యి."

చెన్నయ్య పోశాడు. అది తాగింది, తాగింది, ఇంకా తాగింది. చివరికి నిండు చూలాలిలా అరుగుమీద పడుకుంది. హనుమంతరావు కంటితోనే కొలిచి "రెండు బిందెలు" అన్నాడు. ఆ లెక్క ఆయనకు ఎన్నడూ తప్పలేదు.

అంతలో యేసుమణి ఫోను. "బయల్దేరారా అంకుల్? రేపు ముప్పైది తీసి పెడతాను, మార్చుకుందురుగాని."

"వద్దమ్మా. ఇదే సరిపోయింది" అన్నాడు. ఒక చేత్తో ముడతల గొట్టం మర బిగిస్తూ, రానన్న మాట కూడా చెప్పేశాడు.

నిండిన వింగును పెరట్లోకి చేర్చాలి. చేతుల్తో లేవలేదు. దేనికోసం పుట్టిందో ఆ పనే చేయిద్దామని వీపుకు కట్టుకుని లేచాడు. పెరటి వాకిలి గడప దగ్గర తల వంచాడు. మర సరిగ్గా బిగిసినట్టు లేదు. మెడమీదనుంచి నెత్తిమీదికి, నెత్తిమీదనుంచి మొహం మీదికి నీళ్ళు ధారగా దిగాయి. చల్లగా ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకోలేదు. తెరిచే ఉంచాడు.

"కదలొద్దండీ! అట్లే ఉండండి!" అని భ్రమరాంబ పరుగున వచ్చి ఆయన గడ్డం కింద బకెట్టు పెట్టింది.

కనుక పాఠకులారా, వింగు ఏ సైజుది కొనాలని అందరినీ అడిగి వేసారకండి. లెక్క చాలా సులువు. సముద్రం పక్కనుండేవాళ్ళకు ముప్పై చాలు. ట్యాంకరు పదకొండు రోజులకొకసారి వచ్చే వీధికి అరవై. పదిహేను రోజులకొకసారి వచ్చే వీధికి సరిపోయేది కంపెనీలవాళ్ళు ఇంకా తయారుచెయ్యలేదు. ఇంట్లో కొళాయి తిప్పగానే నీళ్ళొచ్చే ఊరికి ఏ సైజు కావాలో మాత్రం మార్కాపురంలో ఎవరికీ తెలియదు. ఆ అవసరం మాకింకా పడలేదు.